సముద్రం పక్కన ఇల్లు, అమ్మ పెట్టిన షరతు

మా ఊరు నూజివీడు. రసాల ఊరు. వేసవి వచ్చిందంటే మా ఇంట్లో ఏ గది తలుపు తీసినా వరిగడ్డిలో మాగుతున్న చిన్నరసాల వాసనే. నూజివీడు పేరుతో రైల్వేస్టేషన్ ఉంది గానీ అది ఊళ్ళో ఉండదు, ఎక్కడో హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంటుంది. రైలే అంత దూరమైతే ఇక సముద్రం సంగతి చెప్పాలా? మాకు సముద్రమంటే బందరు దగ్గర మంగినపూడి. కార్తీక పౌర్ణమికో మాఘ పౌర్ణమికో అందరూ కలిసి బస్సు మాట్లాడుకుని వెళ్ళడం, మూడు మునకలు వెయ్యడం, తడిబట్టలు మూటగట్టుకుని చీకటి పడకముందే ఇల్లు చేరడం. ఆ "చీకటి పడకముందే" అన్నది మా అమ్మ మాట. సముద్రం పక్కన రాత్రి ఉండకూడదు. అంతే. ఎందుకని అడిగితే చెప్పేది కాదు.

రెండేళ్ళ కిందట మావారికి విశాఖపట్నం బదిలీ అయింది. అప్పటికి నాకు నలభై రెండు. షుగరు గీత మీద ఉందని డాక్టరుగారు చెప్పాక ఊళ్ళో కాలేజీ గ్రౌండులో నడక మొదలుపెట్టి, నడక కాస్తా మెల్లగా పరుగైంది. ఊళ్ళో అందరూ చూస్తారని చీర మీద షూస్ వేసుకుని చీకట్లోనే వెళ్ళొచ్చేదాన్ని. మా బాబుకి సైకిలు పిచ్చి. విశాఖ అనగానే ఇద్దరం ఒకే మాట అన్నాం: బీచికి దగ్గరగా ఇల్లు తీసుకుందాం, పొద్దున్నే నేను పరిగెడతాను, వాడు సైకిలు తొక్కుతాడు.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "సముద్రం ఒడ్డున కాపురం పెడితే నేను నీ గడప తొక్కను" అంది. పెట్టేసింది.

అమ్మ భయం నాకు తెలియనిది కాదు. 1977 నవంబర్ 19, శనివారం. ఆ రోజు దివిసీమని ఉప్పెన ముంచేసింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున నీళ్ళు ఊళ్ళ మీదికొచ్చాయి. పోయినవాళ్ళు పది వేల పైనే. అమ్మకి అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు. అమ్మ పెదనాన్న కూతుర్ని కోడూరు వైపు ఇచ్చారు. ఆ ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. నాన్నగారూ తాతగారూ వారం తరవాత వెళ్ళి వచ్చారట. వచ్చాక తాతగారు ఆ ప్రయాణం గురించి ఎవరితోనూ మాట్లాడలేదట. ఇల్లు ఎక్కడుండేదో పోల్చుకోవడానికి కూడా గుర్తు లేదని నాన్నగారు ఒక్కసారి మాత్రం అన్నారని అమ్మ చెప్పింది.

ఇది కృష్ణా జిల్లావాళ్ళ రక్తంలో ఉన్న భయం అనుకోవచ్చు. అంతకుముందు 1864 నవంబర్ 1 రాత్రి బందరుకీ ఇలాగే వచ్చింది. ఆ ఒక్క రాత్రిలో ఆ చుట్టుపక్కల 30,000 మంది పోయారని లెక్క. డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ పోటీలు పడి వ్యాపారం చేసిన రేవు అది. ఆ దెబ్బ నుంచి మళ్ళీ పూర్తిగా లేవలేదు. 2004 డిసెంబర్ 26 సునామీ పౌర్ణమి నాడే వచ్చింది. మంగినపూడిలో స్నానాలకి దిగినవాళ్ళు కొట్టుకుపోయారు. ఇప్పుడు చెప్పండి, చీకటి పడకముందే ఇల్లు చేరాలన్న మా అమ్మది చాదస్తమా?

అందుకని ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడు అద్దె ఎంత, నీళ్ళు ఎన్ని గంటలొస్తాయి అన్న ప్రశ్నలతో పాటు ఇంకో ప్రశ్న కూడా వేసుకున్నాను. ఈ ఒడ్డున ఇంతకుముందు ఎవరెవరు ఉన్నారు, ఎక్కడ ఉన్నారు, అక్కడే ఎందుకు ఉన్నారు? అమ్మకి నేను చెప్పాల్సిన జవాబు అందులోనే ఉంటుందనిపించింది.

మొదట దివిసీమకీ విశాఖకీ తేడా తెలుసుకున్నాను. దివిసీమ కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రుమట్టి. భూమి పళ్ళెంలా చదునుగా ఉంటుంది, సముద్రం కూడా చాలా దూరం దాకా లోతు ఉండదు. తుపాను గాలి నీళ్ళని ఒడ్డుకి తోసినప్పుడు ఆ నీళ్ళకి కిందికి పోయే దారి లేక పైకి లేచి ఊళ్ళ మీద పడతాయి. విశాఖలో అడుగు తొందరగా లోతైపోతుంది, ఒడ్డున నేల ఎత్తుగా లేస్తుంది, వెనక కొండలున్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచింది. విమానాశ్రయం కప్పు లేచిపోయింది, కైలాసగిరి మీద పచ్చదనం మాడిపోయినట్టయింది, యూనివర్సిటీలో చెట్లు వరసగా కూలిపోయాయి. అయినా అప్పుడు పొంగిన నీళ్ళు మీటరున్నర లోపే. అంటే ఇక్కడ భయపడాల్సింది నీళ్ళకన్నా గాలికి. మామిడితోటల వాళ్ళం, గాలివాన సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మేలో ఒక్క గాలివాన వస్తే గుత్తకిచ్చిన తోటలో కాయంతా నేలపాలే.

ఇక చరిత్రకొస్తాను.

ఈ ఒడ్డున అందరికన్నా ముందు ఇల్లు చూసుకున్నవాళ్ళు బౌద్ధ భిక్షువులు. భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ ఉన్నాయి కదా, రెండు వేల ఏళ్ళ కిందటి ఆరామాలు. తొట్లకొండని 1970లలో నౌకాదళం వాళ్ళు ఏదో కట్టడానికి స్థలం చూస్తూ ఆకాశం నుంచి సర్వే చేసినప్పుడు కనిపెట్టారట. తరవాత పురావస్తు శాఖ తవ్వితే స్తూపం, విహారాలు, వంటిల్లు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. రోమన్ నాణేలంటే ఓడల వాళ్ళు వచ్చి పోయేవారన్నమాట. కానీ భిక్షువులు ఉన్నది ఒడ్డున కాదు, 120 మీటర్ల పైన కొండ మీద. సముద్రం కనబడాలి, గాలి తగలాలి, నీళ్ళు అందకూడదు. మరి తాగడానికి? బండలో తొట్లు తొలిచి వాననీళ్ళు పట్టుకున్నారు. ఆ తొట్ల వల్లే కొండకి ఆ పేరు. ఇల్లు చూసుకునేటప్పుడు మనం అడిగే ప్రశ్నలే వాళ్ళూ అడిగారు. గ్యాస్ బండ గురించి తప్ప.

తరవాత వచ్చినవాళ్ళు వ్యాపారులు. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలో భీమునిపట్నం ఎంచుకున్నారు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. ఇంగ్లీషు కంపెనీ 1682లో విశాఖపట్నంలో దుకాణం పెట్టింది, ఇప్పుడు వన్ టౌన్ అంటామే, డాల్ఫిన్స్ నోస్ కొండకి ఇవతల. వీళ్ళకి కావలసింది పరుగుకి దారి కాదు, పడవకి రేవు. 1765-66లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి రావడంతో మా నూజివీడు జమీ, ఈ విశాఖ రేవు ఒకే దొర కిందికొచ్చాయి. మా కోటని 1783లో కంపెనీ సైన్యం ముట్టడించి పట్టుకుంది. భీమిలి మాత్రం 1825 దాకా డచ్చివాళ్ళదే. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద తారీఖులు చూస్తే ఎంత చిన్న వయసులో పోయారో పాపం అనిపిస్తుంది. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు అది. మా బాబుకి భీమిలి తెగ నచ్చింది. నాకూ నచ్చింది. కానీ మావారి ఆఫీసుకి రోజూ రానూ పోనూ యాభై కిలోమీటర్ల పైమాట. కొట్టేశాం.

పాత ఊళ్ళో కంపెనీ దొరలు ఎక్కువ కాలం ఉండలేకపోయారు. ఒకవైపు ఉప్పుటేరు, పక్కనే చిత్తడి, దోమలు, జ్వరాలు. అందుకని ఉత్తరంగా రెండు మూడు మైళ్ళు జరిగి ఎర్రమట్టి మెట్టల మీద బంగళాలు కట్టుకున్నారు. అదే వాల్తేరు. సముద్రపు గాలి నేరుగా తగులుతుంది, వాన పడితే నీళ్ళు నిలవవు. ఆ పేరు ఎంత గట్టిపడిందంటే రైల్వేస్టేషన్‌ని కూడా 1987 దాకా వాల్తేరు అనే అన్నారు. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వచ్చి కూర్చున్నది కూడా ఈ మెట్ట మీదే. ఈ విశ్వవిద్యాలయానికి మా నూజివీడు జమీందారీ కుటుంబంవారు ఎం.ఆర్. అప్పారావుగారు వైస్ చాన్సలర్‌గా చేశారు. ఈ ముక్క ఫోన్లో చెబితే అమ్మ గొంతు మొదటిసారి కాస్త మెత్తబడింది. "అప్పారావుగారు అక్కడున్నారా?" అంది. జమీందారుగారు ఉన్న చోటు మరీ చెడ్డది కాదని లోపల ఒక లెక్క.

ఆ మాటకొస్తే ఈ ఒడ్డుకి ప్రమాదం నీళ్ళ నుంచి కాకుండా ఆకాశం నుంచి వచ్చిన రోజూ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఊరు ఊరంతా సామాన్లు సర్దుకుని పల్లెలకి పోయింది. విశ్వవిద్యాలయం గుంటూరు వెళ్ళిపోయింది. అప్పుడు సిపాయిలు కాపలా కాసిన సిమెంటు గూళ్ళు ఇప్పటికీ బీచిలో అక్కడక్కడా ఇసకలో కూరుకుపోయి కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఏదో పాత పంపు షెడ్డనుకున్నాను. 1971 యుద్ధంలో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది కూడా ఈ ఊరి ఎదుటే, డిసెంబర్ 3 అర్ధరాత్రి వేళ. 2002 నుంచి మన జలాంతర్గామి కురుసుర బీచి రోడ్డు పక్కన మ్యూజియంగా ఉంది. నా పరుగుకి అదే మలుపురాయి. దాన్ని ముట్టుకున్నంత పని చేసి వెనక్కి తిరుగుతాను.

ఇక అసలు విషయం, ఇసక. ఇది తెలియక చాలామంది బీచి చూసి మోసపోతారు. నేనూ మోసపోయేదాన్నే.

సంవత్సరంలో ఎక్కువ నెలలు ఇక్కడ గాలీ అలలూ నైరుతి నుంచి వస్తాయి. అవి ఒడ్డున ఇసకని ఉత్తరానికి తోసుకుంటూ పోతాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసకతో ఇక్కడి బీచి నిండుతుంది, ఇక్కడిది ముందుకి పోతుంది. వెనకటికి ఆ లెక్క దానికదే సరిపోయేది. చిత్తడిని తవ్వి రేవు కట్టారు. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలికొచ్చింది. రేవు నోట్లో ఇసక మేట వెయ్యకుండా అడ్డు కావాలని రెండు పాత ఓడల్ని కావాలనే ముంచారు. 1970లలో ఔటర్ హార్బర్ కోసం ఇంకా పెద్ద రాతిగోడలు కట్టారు. దాంతో దక్షిణం నుంచి వచ్చే ఇసక అక్కడే ఆగిపోతుంది. రేవుకి ఉత్తరాన ఉన్న ఆర్కే బీచికి రావలసిన వాటా రాదు. తీసుకెళ్ళడం మాత్రం అలలు మానవు కదా. అందుకే రేవు దగ్గరి బీచి ఏడాదికేడాది కోసుకుపోతుంది. ఆగిన ఇసకని డ్రెడ్జర్లతో తీసి, గొట్టాలతో తెచ్చి బీచిలో పోస్తుంటారు. పిల్లలు గూళ్ళు కట్టుకునే ఇసకలో కొంత అలా పోసినదే.

మాకు ఒక బ్రోకరుగారు రేవు వైపు చివర ఒక ఫ్లాట్ చూపించారు. బాల్కనీలోంచి సముద్రం పళ్ళెంలో పెట్టినట్టుంది. అద్దె కూడా తక్కువే. "ఎదురుగా బీచేనమ్మా" అన్నారు. కిందికి దిగి చూస్తే బీచి లేదు, రాళ్ళు ఉన్నాయి. గోడల్లో చెమ్మ, కిటికీ ఊచలు చేత్తో పట్టుకుంటే తుప్పు పొట్టు రాలుతోంది. మా బాబు సైకిలు గొలుసు గుర్తొచ్చి వచ్చేశాం.

ఇంకో వైపు సాగర్ నగర్, ఎండాడ, రుషికొండ. కొత్త కాలనీలు, వెడల్పు రోడ్లు, సైకిలుకి స్వర్గం. రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. కానీ అక్కడ నీటి కింద లాగే ప్రవాహాలున్నాయి, ఈతకి దిగినవాళ్ళు ఏటా మునిగిపోతుంటారు. బాబు వయసు పద్నాలుగు. ఆ వయసు మగపిల్లాడి చేతికి సైకిలూ ఎదురుగా సముద్రమూ కలిపి ఇచ్చే ధైర్యం నాకు లేదు. పైగా పొద్దున్న అయిదింటికి ఆ రోడ్డు మీద ఆడమనిషి ఒంటరిగా పరిగెత్తాలంటే, ఎంత చెప్పినా, ముందు నలుగురు కనబడాలి.

చివరికి పెదవాల్తేరు మెట్ట మీద, లాసన్స్ బే వైపు దిగే వాలులో ఇల్లు తీసుకున్నాం. బాల్కనీలోంచి సముద్రం కనబడదు, మేడెక్కితే కనబడుతుంది. వాలు దిగితే పది నిమిషాల్లో బీచి రోడ్డు. అక్కడి నుంచి కురుసురకి రెండు కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారుజామున ఆర్కే బీచి వైపు రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు. ఆ కాసేపు రోడ్డంతా నడిచేవాళ్ళది, పరిగెత్తేవాళ్ళది. చుడీదార్లు, చీరల మీద షూసులు, బామ్మలు, నేవీ కుర్రాళ్ళు, అందరూ. నన్ను ఎవరూ చూడలేదు. ఎవరూ చూడకపోవడం ఎంత సుఖమో ఆ రోజు తెలిసింది.

మా బాబు ఆదివారం తెన్నేటి పార్కు మీదుగా భీమిలి దారి పడతాడు. వేసవిలో వెళ్ళేటప్పుడు రెక్కలొచ్చినట్టు పోయి, వచ్చేటప్పుడు ఆయాసపడుతూ వస్తాడు. ఇసకని ఉత్తరానికి తోసే గాలే వీడినీ తోస్తోందని, వెనక్కి వచ్చేటప్పుడు అదే ఎదురొస్తోందని చెబితే ఒక ఆదివారం మొత్తం దాని గురించే మాట్లాడాడు. ఇంటికి రాగానే మంచినీళ్ళతో సైకిలు కడిగి, గొలుసు తుడిచి నూనె వెయ్యాలి. ఒక్క వారం బద్ధకిస్తే ఉప్పుగాలి తినేస్తుంది.

మీలో ఎవరైనా ఇలా సముద్రపు ఊరికి వెళ్తుంటే నాదొక మాట. బాల్కనీలోంచి ఏం కనబడుతోందో చూడకండి. ఆ ఊళ్ళో పాత గుడి ఎక్కడుందో, పాత ఇళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో చూడండి. మనకన్నా ముందు ఉన్నవాళ్ళు ఎండకీ వానకీ పరీక్షించి వదిలిన జవాబులవి. కొనేటట్టయితే 1991 నుంచి ఉన్న తీరప్రాంత నియమాలు ఆ స్థలానికి వర్తిస్తాయో లేదో తప్పకుండా కనుక్కోండి. పరుగు కోసమైతే ఒకసారి పొద్దున్న అయిదింటికి వెళ్ళి ఆ దారిలో ఎంతమంది ఆడవాళ్ళున్నారో లెక్కపెట్టుకోండి.

కిందటి మేలో అమ్మ వచ్చింది. బుట్ట నిండా చిన్నరసాలు, మూడు రోజులుంటానన్న షరతు. మొదటి రాత్రి నిద్రపోలేదు, అలల చప్పుడు వింటూ కూర్చుంది. రెండో రోజు తెల్లవారుజామున నేను షూస్ వేసుకుంటుంటే తనూ చెప్పులు వేసుకుంది. ఇద్దరం వాలు దిగాం. దారి పొడుగునా నేల ఎంత పల్లంగా దిగుతోందో చూసుకుంటూ నడిచింది. బీచి రోడ్డు దగ్గర ఆగిపోయింది, దాటలేదు.

అప్పుడే జాలరిపేట వైపు నుంచి నెత్తిన చేపల గంపతో ఒకామె వడివడిగా వస్తోంది. రోజూ కనబడే మనిషే. నేను గంటలో పరిగెత్తేది ఆవిడ గంపతో నడిచేస్తుంది. ఎండ ఎక్కకముందే అమ్ముకోవాలి మరి. అమ్మ ఆమెని ఆపింది. చేపలు కాదు, "ఉప్పెనొస్తే మీరేం చేస్తారమ్మా?" అని అడిగింది.

ఆమె గంప సర్దుకుని నవ్వింది. "ఏటి సేత్తామమ్మా, పిల్లల్నెట్టుకుని పైకెల్లిపోతాం. పోలమాంబ గుడికాడికి" అని మేమొచ్చిన వాలు వైపు చెయ్యి చూపించి వెళ్ళిపోయింది.

అమ్మ వెనక్కి తిరిగి ఆ మెట్ట వైపు చాలాసేపు చూసింది. "మా అక్కకి ఎక్కడానికి ఏమీ లేదే" అంది.

ఆ రోజు నేను పరిగెత్తలేదు. ఇద్దరం మెల్లగా మెట్ట ఎక్కి ఇంటికొచ్చాం. మూడు రోజులన్న మనిషి పదకొండు రోజులుంది. సముద్రంలో మాత్రం కాలు పెట్టలేదు.